పిడికెడు జొన్నలు

కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయే తోవలో మా చిలుకూరు. ఇప్పుడు బస్సు దిగితే రెండుపక్కలా వరిపొలాలు, ధాన్యం బస్తాల లారీలు, మిల్లుల దగ్గర ఊక వాసన ఎదురొస్తాయి గానీ, నా చిన్నతనంలో ఆ తోవ పొడుగునా జొన్నచేలు, ఆముదపు చేలు, వాటి నడుమ కందిసాళ్లు, గెట్ల మీద తాళ్లు, ఎండాకాలమైతే కాళ్లు బొబ్బలెక్కే మట్టిబాట ఉండేవి. మృగశిర కార్తెలో తొలివాన పడ్డప్పుడు లేచే మట్టివాసన, పచ్చజొన్న కంకిని నిప్పుల మీద కాల్చి అరచేతుల్లో నలిపినప్పుడు వచ్చే పాలవాసన, సంక్రాంతికి ముందు కందికాయ ఉప్పేసి ఉడకబెట్టిన వాసన, మాఘంలో కల్లాల మీద లేచే దుమ్ము, ఇట్లా ఏ నెల నడుస్తున్నదో మాకు ముక్కుతోనే తెలిసేది. అప్పుడది నల్లగొండ జిల్లా, హుజూర్‌నగర్ తాలూకా. సూర్యాపేట జిల్లా అనే మాట 2016లో గదా వచ్చింది.

ఊరి చివర మా వాడ. తాటికమ్మల ఇళ్లు, ఎర్రమన్ను అలికిన గోడలు, ఇంటి ముందర ఒక వేపో చింతో, దాని కింద నులకమంచం, మంచం మీద గొంగడి కప్పుకుని ఎవరో ఒక ముసలాయన. వాడ నడుమ ప్రార్థన గుడిసె. వేపకొమ్మకు వేలాడగట్టిన రైలుపట్టా ముక్కను ఉపదేశయ్య ఇనుపకడ్డీతో కొడితే, ఆ చప్పుడు చేలల్లో ఉన్నోళ్లకు కూడా వినపడేది.

మా వైపుకు సువార్త రెండు తోవల్లో వచ్చిందని తాత చెప్పేవాడు. ఒకటి నల్లగొండ, సూర్యాపేట తోవ. ఎక్కడో రష్యా దేశం నుంచి ఓడలెక్కి వచ్చిన మెన్నొనైటు దొరలు, 1890లో నల్లగొండలో బాప్తిస్టు మిషన్ మొదలుపెట్టి, ఆ తర్వాత సూర్యాపేటలో దిగి, ఎడ్లబండ్ల మీద పల్లెపల్లెకూ తిరిగారు. రెండోది ఖమ్మం, డోర్నకల్ తోవ. తాతది మొదటి తోవ, నాయినమ్మది రెండో తోవ. వాళ్ల పెళ్లితో ఆ రెండూ మా ఇంట్లో కలిశాయి. ఖమ్మం అవతలి పల్లె నుంచి చిలుకూరుకు కోడలుగా వచ్చిన నాయినమ్మ, ఒక ఇత్తడి చెంబూ రెండు చీరలతో పాటు తన పుట్టింటి అలవాటు ఒకటి వెంటబెట్టుకుని వచ్చింది.

ఆ అలవాటు పేరు పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టగానే, వండబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి పక్కన ఒక గురిగిలో వెయ్యాలి. అది దేవునిది. ఆదివారం పొద్దున ఆ గురిగిని ప్రార్థనకు తీసుకపోయి బల్ల ముందర కుమ్మరించాలి. పొయ్యి ముట్టించిన ప్రతిసారీ ఇదే వరస.

మా ఊళ్లో అప్పటికి బియ్యం ఎక్కడివి? వరి అంటే చెరువు కింద నాలుగు మడులున్న ఆసాముల మాట. మా ఇంట్లో అన్నం వండేది క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు, ఎవరిదైనా పెళ్లయితే పెళ్లికి. మిగతా రోజులన్నీ జొన్న గటక, జొన్నరొట్టె, అంబలి, పుంటికూర తొక్కు, పచ్చిపులుసు. అందుకని నాయినమ్మ చేతిలో పిడికెడు బియ్యం కాస్తా పిడికెడు జొన్నలైంది. తెల్లవారుజామున ఇసుర్రాయి ముందు కూర్చుని, చాటలోంచి గింజలు తీసి రాతి నోట్లో పొయ్యబోయే ముందు, కళ్లు మూసుకుని పెదవులు కదిలించి, ఒక పిడికెడు గురిగిలో వేసేది. గురిగి అడుగున గింజలు రాలిన చప్పుడుకే నాకు చాలా పొద్దులు మెలకువ వచ్చేది. ఆ తర్వాత ఇసుర్రాయి తిరిగే ఘరఘర, దాని వెంట ఆమె గొంతులో కీర్తన. ఆమెకు అక్షరం రాదు. కానీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో సగం ఆమె నోట్లో ఉండేది. 1833లో బాప్తిస్మం పొంది, ఉత్తరాంధ్ర నేల మీద ఏళ్ల తరబడి తిరుగుతూ పాటలు కట్టిన పురుషోత్తమ చౌదరి పేరు ఆమెకు తెలుసో తెలియదో గానీ, ఆయన కట్టిన వరసలు మా ఇసుర్రాయి దగ్గర జొన్నపిండితో కలిసి రాలుతుండేవి.

ఆషాఢం, శ్రావణం మాకు గడ్డు నెలలు. పాతపంట గింజలు కుండ అడుగుకు దిగుతాయి, కొత్తపంట ఇంకా మోకాలెత్తు మొక్క. కలుపు తీతకు పోతే సోలెడో తవ్వెడో గింజలు కూలి. ముసురు పట్టి పని లేకపోతే అదీ లేదు. అట్లాంటి ఒక పొద్దు, చాటలో ఉన్న గింజలు చూసి అమ్మ నెమ్మదిగా అన్నది, "అత్తమ్మా, ఇయ్యి పిల్లలకే చాలేటట్టు లేవు. ఈ పూటకు ఇడిసిపెట్టరాదా?" నాయినమ్మ కోప్పడలేదు. పిడికిలి గురిగి మీద తెరిచి, గింజలు పడ్డంక అన్నది, "చాలవని తెలిసే ముందు తీస్తున్న బిడ్డా. కడుపు నిండినంక తీసేది కానుకెట్లయితది?"

అమ్మ మళ్లీ ఆ మాట అడగలేదు. ఆ పూట గటకలో నీళ్లు కొంచెం ఎక్కువ పడ్డాయి. మేము జుర్రుకుని లేచి బడికి పోయాం. ఆకలిగా ఉన్నదని ఎవరికైనా చెప్పుకోవాలని గానీ, అది చెప్పుకోదగ్గ సంగతని గానీ మాకు తోచేది కాదు. వాడంతా అట్లనే ఉండేది.

రాత్రి ఎక్కబుడ్డి ముందు కుటుంబ ప్రార్థన అయ్యాక, కథ చెప్పమని అడిగితే నాయినమ్మ ఎప్పుడూ సారెపతు విధవరాలి కథే చెప్పేది. కరువు రోజులు, తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె, అది వండుకుని తిని తానూ కొడుకూ చచ్చిపోదామని పుల్లలేరుకుంటున్న తల్లి. అప్పుడు ఏలీయా వచ్చి, ముందు నాకొక చిన్న రొట్టె చేసిపెట్టమంటాడు. ఈ చోటికి వచ్చేసరికి నాయినమ్మ ఆగి మా మొహాలు చూసేది. "ముందు అన్నడు, చూసిన్రా? మిగిలితే అనలే." ఆ తొట్టిలో పిండి తరగలేదన్న ముగింపు మాకు ఇష్టం. ఆమెకు ఇష్టమైంది మాత్రం ఆ తల్లి పిండి ముట్టిన మొదటి క్షణం.

పిడికెడు బియ్యం మాట వాళ్ల వాడకు డోర్నకల్ నుంచి వచ్చిందని ఆమె చెప్పేది. పెద్దయ్యాక చదువుకుంటే ఆ మాట వెనక ఎంత పెద్ద కథ ఉందో తెలిసింది. తమిళనాడులో తిరునెల్వేలి వైపు ఒక చిన్న పల్లెలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తన ఊరినీ భాషనూ వదిలి, నిజాం రాజ్యంలో అడవి అంచునున్న డోర్నకల్‌కు వచ్చి, ఇల్లు లేక మొదట డేరాలో ఉండి, తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పీఠమెక్కిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన మేత్రాసనంలో ఎక్కువమంది మాలలు, మాదిగలు, పూటకు పూట కూలి చేసుకుని బతికేవాళ్లు. వాళ్లను చూసి ఆయన, పాపం వీళ్ల దగ్గరేముంది అనుకోలేదు. మీ దేవుని పని మీరే నిలబెట్టుకోవాలన్నాడు. రూపాయి లేనోళ్లకు పిడికెడు గింజలుంటాయి గదా అన్నదే అక్కడి ఆడవాళ్లు అందుకున్న మాట. ఏళ్ల తరబడి కట్టిన డోర్నకల్ పెద్ద గుడిని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. దేవాలయపు స్తంభాల పోలికా మసీదు గుమ్మటాల పోలికా కలిసిన ఆ గుడిని ఒకసారి చూసి వచ్చాను. చల్లని ఆ రాతి నేల మీద నిలబడితే, ఎన్ని వేల పొయ్యిల దగ్గర ఎన్ని పిడికిళ్లు తెరుచుకుంటే ఆ మేత్రాసనం నిలబడిందో అనిపించింది. మిజోరం కొండల్లో కూడా క్రైస్తవ ఇళ్లలో ఆడవాళ్లు వండే ముందు పిడికెడు బియ్యం తీసిపెడతారనీ, దాన్ని వాళ్లు బుహ్‌ఫాయ్ థామ్ అంటారనీ తర్వాత తెలిసి, మా నాయినమ్మకు అంత దూరాన చుట్టాలు దొరికినట్టు సంబరపడ్డాను.

ఆదివారం ప్రార్థన ముగిసే ముందు గురిగిలు కదిలేవి. ఒక్కో ఇంటి ఆడమనిషి లేచి, కొంగు సర్దుకుని, బల్ల ముందర పరిచిన గోనెపట్టా మీద తన గింజలు పోసేది. జొన్నలు, సజ్జలు, అప్పుడప్పుడు పెసలు, ఎవరింట్లోనైనా చుట్టాలొచ్చి బియ్యం వండి ఉంటే వాటిలో తెల్లగా నాలుగు గింజలు. సంఘపెద్ద మానికతో కొలిచి, అట్టలు ఊడిపోయిన లెక్కల పుస్తకంలో రాసేవాడు. జొన్నలు ఇన్ని మానికలు, గుడ్లు ఇన్ని, కోడిపుంజు ఒకటి, కందులు సోలెడు. ఆ గింజల్లో కొంత ఉపదేశయ్య ఇంటికి, కొంత మంచాన పడ్డవాళ్లకూ దిక్కులేని ముసలివాళ్లకూ, మిగిలింది అమ్మితే వచ్చిన పైకం కందిలికీ గ్యాసునూనెకూ, రాత్రిబడి పలకలకూ పోయేది.

వాడలో చూపు సరిగా ఆనని ఒక అవ్వ ఉండేది. సంఘం ఇచ్చే గింజలతోనే ఆమె పొయ్యి వెలిగేది. ఆమె కూడా అందులోంచే పిడికెడు తీసి మళ్లీ ఆదివారం తెచ్చి పోసేది. ఎవరూ వద్దనలేదు. సంఘపెద్ద ఆమె పేరు కూడా అందరి పేర్లతో పాటే వరసలో రాశాడు. అది చిన్న సంగతిగా అప్పుడు కనపడింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నిటికన్నా పెద్ద సంగతి అదే. మా తాతల కాలమంతా వెట్టిలో గడిచింది. పిలిస్తే పోవడం, మోయమంటే మోయడం, పెడితే తినడం, చెప్పులు చేతబట్టుకుని దొర గడీ ముందు నుంచి నడవడం. ఒకరికి ఇచ్చే చెయ్యి తమకుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అట్లాంటోళ్లు ఆకాశాన్నీ భూమినీ చేసిన దేవునికి తమ చేతులారా ఇచ్చారు, ఇచ్చింది పుస్తకంలో పేరుతో సహా ఎక్కింది. ఆదివారం గురిగి పట్టుకుని ప్రార్థనకు పోయే నాయినమ్మ నడక వేరు. ఆ నడక సోమవారం పటేలు కల్లం దగ్గరికి పోయేటప్పుడు కూడా మారేది కాదు.

నాయిన ఒక పటేలు దగ్గర జీతముండేవాడు. జీతగాడికి ఆదివారమేముంది? ఎడ్లకు మేతెయ్యాలి, కొట్టం తియ్యాలి, మోట కట్టాలి. పెళ్లయిన కొత్తలో నాయిన పటేలును అడిగాడట. "పటేలా, ఆదివారం పొద్దటి పూటొక్కటి నాకిడువుండ్రి. దానికి బదులు శనివారం, ఆదివారం రెండు రాత్రులు చేన్ల మంచె మీద కావలి నేనే పంట." ఆయన సరేనన్నాడు. అప్పటి నుంచి జొన్న పాలుపోసుకున్న నాటి నుంచి కోత దాకా, మంచు కురిసే రాత్రుళ్లు నాయిన మంచె మీద గొంగడి కప్పుకుని, డబ్బా కొడుతూ పందుల్ని అదిలిస్తూ మేలుకుని ఉండేవాడు. తెల్లారి వచ్చేసరికి గొంగడి మంచుకు తడిసి బరువెక్కి, తడిసిన ఉన్ని వాసన ఇల్లంతా నిండేది. బావి దగ్గర చన్నీళ్లు పోసుకుని, ఇత్తడి చెంబులో నిప్పులేసి అమ్మ ఇస్త్రీ చేసిన తన ఒకే ఒక్క తెల్ల అంగీ తొడుక్కుని, అందరికన్నా ముందు పోయి ప్రార్థన గుడిసెలో చాపలు పరిచేవాడు. వాక్యం చెప్పేటప్పుడు ఒక్కొక్కసారి కూర్చున్నచోటే ఆయన రెప్పలు వాలిపోయేవి. ఉపదేశయ్యకు సంగతి తెలుసు. గొంతు కొంచెం తగ్గించేవాడు.

రాత్రుళ్లు నిద్ర అమ్మి ఒక పూట కొనుక్కున్నాడన్నమాట మా నాయిన. ఆ పూటను ఆయన ఎన్నడూ ఇంటి పనికి వాడలేదు. ప్రార్థనకు ముందు పొయ్యిలోకి కట్టెలు కొట్టమని కూడా ఎవరూ అడిగేవాళ్లు కారు.

అప్పటి ఒక ఎండాకాలం నాకు బాగా గుర్తు. రోహిణి కార్తె దాటేలోపు ఇళ్లకు కొత్త కమ్మలు కప్పుకోవాలి, లేకపోతే మృగశిరకు ఇల్లంతా వానే. ఆ ఏడు తాటికమ్మలు సరిపోను దొరకలేదు. దొరికినవన్నీ వేపచెట్టు కింద కుప్పపోసి, సంఘమంతా కూర్చుంది. ఉపదేశయ్య హగ్గయి ప్రవక్త గ్రంథం తీసి చదివాడు. చెరనుంచి తిరిగొచ్చిన జనం తమ ఇళ్లు చక్కగా కట్టుకుని దేవుని మందిరాన్ని పాడుగా వదిలేస్తే ప్రవక్త వాళ్లను నిలదీసిన చోటు అది. చదివి పుస్తకం మూసి ఊరుకున్నాడు, ఏమీ చెప్పలేదు. తాత లేచి, "ముందు దేవుని ఇల్లు. తర్వాత మొగదిక్కు లేని ఇండ్లు. మిగిలితే మనయి" అన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. రెండు రోజుల్లో ప్రార్థన గుడిసెకు పాత కమ్మలు విప్పి, నిట్టాడు సరిచేసి, వాసాలు మార్చి, కొత్త కమ్మలు దట్టంగా కప్పారు. మా ఇంటి దాకా వచ్చేసరికి కుప్ప అయిపోయింది. పోయినేటి కమ్మల మీదే ఆ వానకాలం గడపాలి.

శ్రావణంలో ముసురు పట్టింది. ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ కారుతుంటే, అమ్మ కంచాలూ ముంతలూ చట్లూ కింద పెడుతూ, నిండినవి ఎత్తిపోస్తూ ఉండేది. ఒక్కో పాత్రలో ఒక్కో తీరు చప్పుడు. పొయ్యి తడిసి రాజకపోతే నాయినమ్మ ఊదుగొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబారేవి. మూడో రాత్రి గాలివాన ఎక్కువై, బాలింతలూ పసిపిల్లలూ ఉన్న ఇళ్లవాళ్లంతా ప్రార్థన గుడిసెలోకి చేరారు, మమ్మల్నీ తీసుకపోయారు. లోపల ఒక్క చుక్క పడలేదు. కొత్త కమ్మల పచ్చివాసన, తడిబట్టల వాసన, పిల్లలకు కాసిన అల్లం కషాయం వాసన. నాయినమ్మ మమ్మల్ని చాప మీద వరసగా పండుకోబెట్టి, పైకి చూసి అన్నది, "మనం ఆయన ఇల్లు కప్పినం. ఆయన మన పిల్లల్ని కప్పుతున్నడు."

అట్లా ముసురు పట్టిన రాత్రుళ్లలోనే తాత ఒంగోలు కథ చెప్పేవాడు. కృష్ణ అవతల, కనిగిరి వైపు తాళ్లకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అని తోళ్ల బేరం చేసుకునే మాదిగాయన ఉండేవాడట. 1866లో బాప్తిస్మం పొంది, తోళ్ల మూటతో తిరిగిన ఊళ్లన్నీ సువార్తతో మళ్లీ తిరిగాడు. చచ్చిన గొడ్డు మాంసం ముట్టనన్నాడు, జాతర్లకు డప్పు కొట్టనన్నాడు. దానికి ఊళ్లు నీళ్లూ పనీ బంద్ చేస్తే వాడవాళ్లు తట్టుకున్నారు. తర్వాత 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశమంతా పెద్ద కరువు. ఒంగోలు మిషనరీ క్లౌదొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత గుత్త పట్టి వేలమందికి కూలి దొరికేటట్టు చూశాడు. ఆ పని జరిగినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడని చెప్పేటప్పుడు తాత గొంతు పెరిగేది. తిండి కోసం వచ్చినోళ్లెవరు, దేవుని కోసం వచ్చినోళ్లెవరు తేలాలి గదా. పని అయిపోయి, పంచే గింజలు లేనప్పుడు జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజున 2222 మంది బాప్తిస్మం పొందారు. "పెట్టేటోడు లేనప్పుడు వచ్చిన్రు. అది గట్టి విశ్వాసం" అనేవాడు తాత. గంజి కోసం మతం మారినోళ్లన్న మాట ఆయన బతుకంతా విన్నాడు. దానికి ఆయన ఎన్నడూ వాదం పెట్టుకోలేదు. పిల్లలకు ఈ లెక్క నేర్పాడు, అంతే.

కోతలయ్యాక పంట పండుగ. ప్రతి ఇంటి నుంచీ తొలిపంట తెచ్చేవాళ్లు. జొన్నకంకుల కట్ట, కందిమండ, గుమ్మడికాయ, సొరకాయ, ఆముదాలు, నాటుకోడి, మట్టి ముంతలో నెయ్యి, ఏమీ పండనోళ్లు అడవిలో ఏరిన కట్టెలమోపు. ప్రార్థనయ్యాక వేలంపాట. గుమ్మడికాయ పాడుకున్నాయన దాన్ని ఇంటికి తీసుకపోకుండా మళ్లీ బల్ల మీద పెట్టేవాడు, మళ్లీ పాట, మళ్లీ ఇంకొకాయన. ఒక్క కోడిగుడ్డు సాయంత్రం దాకా చేతులు మారేది. పొద్దంతా పిల్లలం కేకలేస్తూ లెక్కపెట్టేవాళ్లం. చేతిలో పైసా లేని ఒక చిన్నాయిన రెండు రోజుల కూలి పాడి, ఆ రెండు రోజులూ గుడి గోడకు మన్ను మోసి తీర్చాడు.

గోడ అన్నది అప్పుడే మొదలైంది. గుడిసె తీసేసి గోడలతో గుడి కట్టాలని పెద్దలు అనుకున్నారు. పటేండ్ల దగ్గరికి చందాకు పోదామని ఒకరిద్దరు అంటే, ముందు మన చేతులు ఆడనియ్యండన్నారు మిగతావాళ్లు. మా వైపు నేలంతా సున్నపురాయి. మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు ఇయ్యాల ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు లేచింది ఆ రాయి చూసే. మావాళ్లు ఆ రాయినే తెచ్చి, బట్టీ పెట్టి కాల్చి, గానుగలో ఇసుకతో రుబ్బి సున్నం చేసుకున్నారు. పగలంతా కూలి చేసి వచ్చి, వెన్నెల రాత్రుళ్లు మొగోళ్లు పునాది తవ్వితే ఆడోళ్లు బావి నుంచి వరసగా నిలబడి నీళ్ల బిందెలు అందించారు. అమ్మ చేతులు సున్నానికి పగిలి, రాత్రి పూట ఆముదం రాసుకునేది. వాడలో ఒక్క ఇంటికీ పెంకులు లేని రోజుల్లో గుడికి పెంకులెక్కాయి. మా ఇంటి మీద తాటికమ్మలు ఆ తర్వాత చాలా ఏళ్లున్నాయి.

ఈలోపు సాగర్ నీళ్లు వచ్చాయి. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట నుంచి 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ కాలువ పేరున్న ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు నేలను కొంచెం కొంచెంగా మార్చేసింది. జొన్నచేలు దున్ని మడులు కట్టారు. గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. నాట్లకు కూలీలు చాలక, ఆదివారం వస్తే ఎక్కువిస్తామన్న కబురు మొదటిసారి వాడకు వచ్చింది. ఎన్నడూ చూడని కూలి అది. ఆడోళ్లు గుడిలో కూర్చుని మాట్లాడుకుని, ముఠా తరఫున మా మేనత్తను పంపారు. శనివారం చీకటి పడ్డంక కూడా వెన్నెల్లో నాటేస్తాం, సోమవారం కోడికూతకు మడిలో ఉంటాం, ఆదివారం మాత్రం రామని చెప్పి వచ్చింది. మొదట్లో కొందరు వేరే ముఠాల్ని పిలుచుకున్నారు. నారు ముదరకుండా మాటమీద పని ముగిస్తారని తెలిసి తర్వాత వాళ్లే వచ్చారు.

ఆ యాసంగి కూలి ధాన్యంతో మా ఇంట్లో వట్టి రోజున కూడా అన్నం ఉడికింది. నాయినమ్మ బియ్యం చాటలో పోసుకుని, చెరుగుతూ చెరుగుతూ ఆగి, పిడికెడు తీసింది. "ఇన్నేండ్లకు అసలు పేరుకు తగ్గ కానుక" అని నవ్వింది. వెంటనే కళ్లు తుడుచుకుని, "జొన్నలు కూడా ఆయన తక్కువ చెయ్యలే" అన్నది.

భక్తి అంటే గొంతు పెంచి చెప్పేదని నాకు ఎన్నడూ అనిపించకపోవడానికి కారణం ఆ వాడే. వాళ్ల రోషమంతా వరసలో ఉంది. ముందు ఆయనది, తర్వాత లేనోళ్లది, చివరికి మనది. ఆకలిలో ఆ వరస తప్పలేదు, వానలో తప్పలేదు, కూలి పెరిగినప్పుడూ తప్పలేదు. సుఖాన్ని వాళ్లు తిట్టలేదు, కోరుకున్నారు కూడా. కారని ఇల్లు మా అమ్మకు మాత్రం వద్దా? కానీ దేవుణ్ని వెనక్కి నెట్టి వచ్చే సుఖం వాళ్లకు రుచించేది కాదు. అట్లా ఉండటం వల్ల తాము ఏదో పోగొట్టుకున్నామని వాళ్లలో ఒక్కరి నోటా నేను వినలేదు. వాళ్ల పిల్లలం చదువుకున్నాం, ఉద్యోగాలు చేశాం, స్లాబు ఇళ్లు కట్టుకున్నాం. ఇయ్యాల మా వాడలోనూ గుడికి మైకులున్నాయి, ఫ్యాన్లున్నాయి, నోట్లున్న కవర్లు కానుకసంచిలో పడతాయి. అదీ మంచిదే, ఇచ్చే మనసు ఎక్కడున్నా మంచిదే. నేను మాత్రం జీతమందిన రోజు నుంచి పింఛనందే ఈ రోజు వరకూ, ఇంటి ఖర్చు లెక్క రాసే కాగితంలో మొదటి వరస ఆయన కోసమే రాస్తున్నాను. మా ఆవిడా అట్లాంటి ఇంటి పిల్లే కాబట్టి ఆ వరస దగ్గర మా ఇద్దరికీ ఎన్నడూ మాటలు పెరగలేదు.

ఇది చదివే మీలో కొందరి ఇళ్లలో ఇట్లాంటి గురిగి ఉండే ఉంటుంది. దాన్ని మీరు ముంత అన్నారో, డబ్బా అన్నారో. గింజలు తీసిన ఆ చెయ్యి నాయినమ్మదో, అమ్మమ్మదో, పెద్దమ్మదో. కోదాడ, సూర్యాపేట, ఖమ్మం, ఒంగోలు వైపు పల్లెల్లో పాత సంఘాల పెట్టెల్లో ఆ లెక్కల పుస్తకాలు ఇంకా కొన్ని ఉన్నాయి. చెదలు తింటున్నాయి. అచ్చయిన ఏ చరిత్రలోనూ లేని మన పెద్దల పేర్లు, ఇంత జొన్నలు ఇచ్చారు, ఇన్ని గుడ్లు ఇచ్చారు అని అందులో వరసగా ఉన్నాయి. సెలవులకు ఊరికి పోయినప్పుడు సంఘపెద్దను అడిగి ఆ పుస్తకం తీయించండి, ఫోన్లో ఫొటోలు తీసుకోండి, చదవగలిగినవాళ్లు కూర్చుని శుభ్రంగా తిరగరాయండి. మన మనవళ్లు తాము ఎవరి పిల్లలో తెలుసుకోవాలంటే, కడుపుకు చాలని గింజల్లోంచి తమ పెద్దలు ముందు దేవునికి ఇచ్చారన్న సంగతి వాళ్లకు పేర్లతో సహా అందాలి.